సౌకార్‌పేటకు వచ్చిన అతిథి

ఒక ఊరిని చూడవచ్చినవాడు ఆ ఊరికి ఏమగును? కొన్నిచోట్ల అతడు అతిథి, కొన్నిచోట్ల బేరగాడు, మరికొన్నిచోట్ల వట్టి ప్రేక్షకుడు. ఈ మూడింటిలో అతడు ఏది యగునన్నది అతని స్వభావముపై కొంతయు, ఆ ఊరు తన్ను తాను చూపుకొను తీరుపై మిక్కిలియు ఆధారపడియుండును. నేడు పర్యాటకమను పేర ఒక పెద్ద వ్యాపారము లోకమంతట వ్యాపించినది. కాలము మారినపుడు యాత్రాస్థలములును, వాని నాశ్రయించిన వర్తకులును ఎట్లు మారవలెనన్న ప్రశ్నపై గ్రంథములు వెలువడుచున్నవి, సభలు జరుగుచున్నవి. ఆ చర్చలలో సముద్రతీరములును, మంచుకొండలును ఉదాహరణములుగా కనబడును గాని, మన చెన్నపురిలో రెండు వందల ఏండ్లకు పైగా బాటసారికి అన్నము పెట్టుచు, సరకు అమ్ముచు, కాలము మారినప్పుడెల్ల తానును మారుచు వచ్చిన ఒక పేట కనబడదు. అది సౌకార్‌పేట. దాని మార్పులను మెచ్చుకొనుట సులభము. అందు మెచ్చదగినదేదో, విచారింపదగినదేదో వేరుచేసి చెప్పుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

సౌకార్‌పేటకు గట్టి ఎల్లలు గీచి చూపుట కష్టము. జార్జిటౌనులో పడమటి భాగము, అనగా పూర్వపు పెద్దనాయకునిపేటలో ఒక ముఖ్యభాగము, ఆ పేర పిలువబడుచున్నది. టంకశాల వీధి దాని నడుమ ఉత్తర దక్షిణములుగా సాగును. దక్షిణమున పూర్వము చైనాబజారనబడిన నేతాజీ సుభాస్ చంద్రబోసు రోడ్డు, పడమట ఏనుగు గవినియు వాల్‌టాక్సు రోడ్డును ఉన్నవి. సాహుకారులు, అనగా వడ్డీవ్యాపారమును టోకువర్తకమును చేయు గుజరాతీ, మార్వాడీ వణిజులు నివసించుటచేత ఈ పేరు వచ్చినది. కాని పెద్దనాయకుడన్న పేరు అంతకంటె పాతది. పట్టణపు కావలి బాధ్యతను వహించిన తెలుగు నాయకుని బిరుదము అది. గోవిందప్ప నాయకుని వీధి, కొత్వాలు చావడి, కన్యకాపరమేశ్వరీ దేవస్థానము ఇవన్నియు ఆ పొరకు చెందినవే. 1639లో ఇంగ్లీషువారికి ఈ తీరమున స్థలమిచ్చినవారు దామెర్ల వంశపు తెలుగు నాయకులనియు, వారి తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణము వెలసినదనియు చరిత్రకారులు చెప్పుదురు.

ఈ పేట పెరుగుటకు కారణము కూడ ఒక ఉపద్రవమే. 18వ శతాబ్ది నడుమ ఫ్రెంచివారితో జరిగిన యుద్ధముల ఫలితముగా, కోటకు ఉత్తరమున ఆనుకొనియున్న పాత బ్లాక్‌టౌను కూల్చివేయబడినది. నేటి హైకోర్టు ప్రాంతమున నుండిన పట్టణ దేవాలయము కూడ పోయినది. జనము ముత్యాలపేటకును, పెద్దనాయకునిపేటకును తరలివచ్చిరి. చెన్నకేశవస్వామికిని, చెన్నమల్లేశ్వరునికిని 1760 దశకమున పూలబజారు చెంత జంట ఆలయములు మరల వెలసినవి. 1911లో ఈ ప్రాంతమంతయు జార్జిటౌను అయ్యెను. కావున స్థానము మార్చుకొనుట, పేరు మార్చుకొనుట ఈ పేటకు క్రొత్తవి కావు. ఇట్టి మార్పుల నడుమ పరాయి ఊరివానిని ఆదరించు పద్ధతి ఏమైనదన్నదే మనము చూడవలసినది.

ఆ పద్ధతికి మొదటి రూపము సత్రము. రైలు రాకముందు ప్రయాణమనగా నడక, ఎద్దుబండి, ఉన్నవారికి పల్లకి. దినమునకు కొన్ని ఆమడలకంటె ఎక్కువ సాగదు. కావున బాటకు ప్రతి మజిలీలోను నీరు, నీడ, వంట చేసికొనుటకు చోటు, ఉప్పుపప్పులమ్ము అంగడి కావలెను. ధనికుడైన వర్తకుడు తన ఇహపరముల కొరకై సత్రము కట్టించి, దాని పోషణకు కొంత భూమినో, అంగళ్ల అద్దెనో విడిచిపెట్టును. ఇందు దానము ఉన్నది, వర్తకమును ఉన్నది. సత్రమున్నచోట బాటసారి దిగును. దిగినచోట సంత పెరుగును. సంత పెరిగినచోట సత్రపు మాన్యమునకు విలువ పెరుగును. దీనిని పుణ్యమనువారు పుణ్యమనవచ్చును, వ్యాపారమనువారు వ్యాపారమనవచ్చును. వర్తకులు మాత్రము ఈ రెంటిని వేరుగా చూడలేదు.

ఆ కాలపు ఆతిథ్యమును పరీక్షించి చెప్పిన ఒక గొప్ప సాక్షి మన చెన్నపట్టణము నుండియే బయలుదేరెను. ఆయన ఏనుగుల వీరాస్వామయ్య. సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు ఉద్యోగము చేసిన ఆ మహనీయుడు 1830 మే 18వ తేదీ రాత్రి పట్టణము విడిచి, మాధవరమున తొలి మజిలీ చేసి, తిరుపతి, కడప, అహోబలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురములమీదుగా కాశీకేగి, గయ, కలకత్తా, పూరీ క్షేత్రముల చూచి, ఉత్తర సర్కారుల దారిని 1831 సెప్టెంబరులో మరలివచ్చెను. దారిపొడవున మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాసి పంపిన దినచర్యయే కాశీయాత్ర చరిత్ర. వీరాస్వామయ్య 1836లో మరణించిన పిమ్మట పిళ్లగారు దానిని 1838లో అచ్చువేయించిరి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి మరల ప్రకటించి మనకు మహోపకారము చేసిరి.

ఈ గ్రంథమును మనము భక్తుని యాత్రగాను, దేశచరిత్రకు ఆధారముగాను చదువుచుంటిమి. ఇది ఒక విమర్శగ్రంథమని గుర్తించినవారు తక్కువ. ప్రతి మజిలీలోను ఆయన దృష్టి ముందుగా దేనిపై నిలుచునో గమనింపుడు. నీరు ఎట్టిది, అంగళ్లు ఉన్నవా, ఏ పదార్థము దొరకును, ఏది దొరకదు, బాట బండికి అనువా, దిగుటకు చోటు ఉన్నదా అని తరచి చూచును. తన తరువాత వచ్చువాడు మోసపోరాదన్నది ఆయన ఉద్దేశము. దేవాలయము గొప్పదైనంతమాత్రాన ఆ ఊరి ఆతిథ్యము గొప్పదని ఆయన వ్రాయడు. గయలో గయావళులు యాత్రికుని శక్తిని తూచి దక్షిణ రాబట్టు తీరును, కుంపిణీవారు క్షేత్రములలో యాత్రికులపై విధించిన పన్నును ఆయన కండ్లార చూచి నమోదు చేసెను. ఆ యాత్రికుల పన్ను 1840లో రద్దయ్యెను. ఆనాడు ప్రయాగలోను, గయలోను, పూరీలోను యాత్రికుడు అతిథిగా వచ్చి ఆదాయముగా లెక్కకెక్కెను. ఒక చోటు యాత్రికునికి లోబడినదా, యాత్రికుని లోబరచుకొన్నదా, లేక సమముగా నిలిచి మర్యాద చేసినదా అన్నదే వీరాస్వామయ్య చేతి కొలత. ఆ కొలతతోనే సౌకార్‌పేటను కొలుతము.

మొదటి పెద్ద మార్పు రైలు. 1856 జూలై 1న రాయపురము నుండి వాలాజారోడ్డు వరకు దక్షిణదేశపు తొలి రైలు నడిచెను. 1871లో రాయచూరు వద్ద బొంబాయి దారితో చెన్నపట్టణపు దారి కలిసెను. 1873లో సెంట్రల్ స్టేషను ఈ పేట నైరృతి అంచున వెలసెను. 1899లో బెజవాడతో నేరుగా సంబంధమేర్పడినది. దీనివలన బాటపొడవునగల మజిలీ ఊళ్ల సత్రములు చాలవరకు దెబ్బతినెను. పది దినముల బాట ఒక రాత్రి ప్రయాణమైనపుడు నడుమ దిగువాడెవడు? కాని దారికి చివరనున్న పట్టణములో దిగువారు పెరిగిరి. సెంట్రల్ ఎదుట సర్ సవళై రామస్వామి మొదలియారు సత్రము వెలసినది ఆ అవసరము కొరకే. రైలు ఉత్తరాది వర్తకులకు కూడ దారి సుగమము చేసెను. వారు తమతో జైనాలయములను, ధర్మశాలలను, పాలకోవాను, కచోరీని తెచ్చుకొనిరి.

సత్రము అవసరమునుబట్టి తన రూపమునే మార్చుకొన్నదనుటకు పేటకు ఉత్తరముననున్న మణియకారు సత్రము గొప్ప తార్కాణము. 1782 నాటి కరవులో గంజి పోయుటకు ఏర్పడిన ఆ ధర్మము క్రమముగా రోగులకును ఆశ్రయమిచ్చి, ఆసుపత్రిగా పెరిగి, తుదకు స్టాన్లీ వైద్యశాలకును, 1938లో ఆ పేరు దాల్చిన వైద్యకళాశాలకును మూలమైనది. గంజితొట్టి స్థానమున మందుగది వచ్చినది. అయినను వచ్చినవానిని ఆదుకొనుట అన్న మూలధర్మము చెడలేదు. మార్పునకు తట్టుకొనుట అనగా ఇది. పని మారవచ్చును; ఎవరి కొరకు ఆ పని అన్నది మారరాదు.

దీనికి భిన్నమైన కథ ఇంగ్లండులో నడిచినది. 1841లో థామస్ కుక్ అను ఆయన లెస్టరు నుండి లఫ్‌బరోకు రైలులో యాత్రికులను తీసికొనిపోయి, ఆధునిక పర్యాటక వ్యాపారమునకు నాంది పలికెను. వీరాస్వామయ్య యాత్ర ముగిసిన పదియేండ్లకే అది జరిగినది. ఆ సంస్థ లోకమంతట శాఖలుగా విస్తరించి, 178 ఏండ్లు నడిచి, 2019 సెప్టెంబరున అప్పుల భారమున కూలిపోయెను. యాత్రికుడు తన ఇంటనే కూర్చుండి చేతిలోని పరికరముతో గదియు, విమానమును కుదుర్చుకొనుట నేర్చిన కాలమున, నడుమనుండి కుదుర్చువాని అవసరము తగ్గిపోయినది. 1980లో బట్లరు అను భూగోళశాస్త్రజ్ఞుడు యాత్రాస్థలములకు కూడ బాల్య యౌవన వార్ధక్యములు ఉన్నవనియు, ఎదుగుదల ఆగిన స్థలము క్షీణించుటయో, క్రొత్తరూపమున పునరుజ్జీవించుటయో తప్పదనియు సిద్ధాంతము చేసెను. సిద్ధాంతము చక్కనిదే. కాని అది యాత్రికుని రాకపోకలనే స్థలమునకు ప్రాణముగా తలచును. సౌకార్‌పేట ప్రాణము అందులో లేదు. అందుచేతనే అది ఇన్ని దెబ్బలకును నిలిచినది.

ఆ దెబ్బలలో తెలుగువారికి సంబంధించినది 1953 నాటిది. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడువరకు చెన్నపట్టణము మనకు రాజధాని. కోర్టు వ్యాజ్యము, విశ్వవిద్యాలయపు పరీక్ష, పుస్తకపు అచ్చు, పత్రికాఫీసు ఏ పని పడినను నెల్లూరు నుండి గంజాము వరకుగల తెలుగువాడు ఇక్కడికే రావలెను. తంబుచెట్టి వీధిలో ఆంధ్రపత్రిక కార్యాలయముండెను. వచ్చినవాడు పేటలో బంధువుల ఇంటనో, కులసత్రమునందో, భోజనహోటలు మేడమీదనో దిగి, పని ముగించుకొని, ఇంటికి కావలసిన సామాను కొనుక్కొని పోయెడివాడు. రాజధాని కర్నూలునకు పోగా ఆ పనులలో చాలభాగము కూడ తరలిపోయినది. కాని సామాను కొనువాడు మానలేదు. గోడౌను వీధిలో బట్ట, ఆండర్సను వీధిలో కాగితమును పెండ్లి శుభలేఖలును, టంకశాల వీధి చుట్టుపట్ల వెండిబంగారములు నేటికిని చిత్తూరు, నెల్లూరు జిల్లాలవారిని రప్పించుచున్నవి. వీరిని పర్యాటకులని ఎవరును లెక్కింపరు. కాని పెండ్లిసామానుకు పది మందితో వచ్చి, గుడిలో దండము పెట్టుకొని, మధ్యాహ్నము భోజనము చేసి, రాత్రి బండికి పోవు కుటుంబము యాత్రికులు కాక మరేమి?

1996 సంవత్సరము మరియొక మలుపు. ఆ ఏటనే పట్టణమునకు చెన్నై అన్న పేరు అధికారికమైనది. ఆ ఏటనే కొత్వాలు చావడిలోని కూరగాయల పండ్ల టోకు విపణి కోయంబేడునకు తరలినది. కన్యకాపరమేశ్వరీ దేవస్థానపు స్థలములో తరతరములుగా సాగిన ఆ సంతకు అర్ధరాత్రినుండియే తెలుగుదేశపు లారీలు వచ్చెడివి; హమాలీలు, దళారులు, బండ్లవారు, వారికి ఇడ్లీ కాఫీలమ్ము కొట్లు ఒక లోకముగా బ్రతికెడివి. పిదప 2002లో దూరపు బస్సులు కూడ బ్రాడ్వే నుండి కోయంబేడునకు పోయినవి. ఈ రెండు తరలింపులును అవసరమైనవే. ఇరుకు వీధులలో లారీలకు చోటు లేదు. కాని తెల్లవారుజామున పేటలో దిగు మనిషి లేకపోయెను. అతని నమ్ముకొన్న చిన్న కొట్లలో కొన్ని మూతపడెను. కొన్ని పాత్రసామాను, ప్లాస్టికు, కృత్రిమాభరణముల దుకాణములుగా మారెను. 2016లో పెద్దనోట్ల రద్దు, 2017లో జి.ఎస్.టి., 2020లో మహమ్మారి వచ్చినవి. నేడు చాటుబండి మీదను, పూలగంప ప్రక్కను చిన్న గీతల చతురస్రము అంటించియున్నది. దానికి ఫోను చూపి డబ్బు చెల్లించుచున్నారు. హుండీ చీటీలతో వేల రూపాయలను ఊరు దాటించిన సాహుకార్ల పేటకు కంటికి కనబడని డబ్బు వింత గాదు.

ఇక నేటి రూపము తిండినడక. సాయంకాలము పది పదునైదుమంది, ముందొక మార్గదర్శి, టంకశాల వీధి వెంట ఒక కొట్టు నుండి మరియొక కొట్టునకు రుచి చూచుచు పోవుట దాని క్రమము. కాకడా రాంప్రసాద్ కొట్టులో జిలేబీ, బాదంపాలు; మరియొకచోట నేతిలో తడిసి పొడి చల్లిన ఇడ్లీ; వేరొకచోట లస్సీ, కచోరీ. వీనిలో నాకు మిక్కిలి నచ్చినది మురుకుల సాండ్‌విచ్. రొట్టెముక్కల స్థానమున రెండు చదునైన మురుకులను తీసికొని, నడుమ దోసకాయ, టొమాటో, ఉల్లి చక్రములును పచ్చి చట్నీయును పెట్టి ఇత్తురు. మురుకు దక్షిణాదిది, చట్నీ చాటుబండిది, పేరు ఇంగ్లీషుది. ఏ పర్యాటకశాఖయు దీనిని ఆలోచించి కనిపెట్టలేదు. బడిపిల్లలకును, అంగడి గుమాస్తాలకును చౌకగా కడుపు నిండుటకై వీధియే దీనిని పుట్టించినది. మొదట ఊరివారికి నచ్చి, పిదప పరాయివారికి నచ్చినది. మార్పునకు ఇంతకంటె మంచి ఉదాహరణము పుస్తకములలో దొరకదు.

ఈ నడకలను నేను నిందింపను. 2004 నుండి ఆగస్టు 22ను మద్రాసు దినముగా జరుపుకొను అలవాటు ఏర్పడిన పిమ్మట, ఎస్. ముత్తయ్యగారివంటి చరిత్రకారుల కృషివలన, పాతవీధులను కాలినడకన చూచు అభిరుచి పెరిగినది. అందు భాగముగా ఇరుకని, మురికియని ముక్కు మూసికొని పోయిన విద్యావంతులు నేడు వీధిలో నిలిచి తినుచున్నారు. చిన్న కొట్టువాని పేరు పత్రికలకెక్కినది. అది మేలే.

కాని అట్టి ఒక నడకలో నేనును పాల్గొంటిని. మార్గదర్శి యువకుడు, చురుకైనవాడు. మూడుగంటలలో ఏడెనిమిది పదార్థములు తినిపించెను. ఈ పేట చెన్నైలోని చిన్న ఉత్తరదేశమని పలుమారు చెప్పెను. గోవిందప్ప నాయకుని వీధి మొదట నిలిచినపుడు ఆ గోవిందప్ప ఎవరని ఒక విద్యార్థిని అడిగెను. అతడు నవ్వి, తరువాతి కొట్టులో వేడి తగ్గకముందే పోవలెనని తొందరపెట్టెను. కొత్వాలు చావడి ప్రక్కగా పోయితిమి. అది ఏమిటో చెప్పలేదు. వర్తకుల ఇండ్లు చూపి బొమ్మలు తీసికొనుడనెను. ఆ ఇండ్లలో ఎవరుందురో చెప్పలేదు. ఆ యువకునిది దోషము కాదు. అతనికి ఇచ్చిన కథలో అవి లేవు. కథ వ్రాసినవారు ఈ పేటను ఒక పళ్లెముగా చూచిరి. పళ్లెము ఎవరి చేతిదో వారికి అక్కర లేకపోయెను.

ఇచ్చటనే నా విమర్శ. చిన్న ఉత్తరదేశమన్న పేరు సులభముగా అమ్ముడుపోవును. కాని అది రెండువిధముల అన్యాయము. ఒకటి, తరతరములుగా ఇచట పుట్టి, తమిళమును తెలుగును మాటలాడు మార్వాడీ గుజరాతీ కుటుంబములను నేటికిని విదేశీయులుగా నిలుపుట. రెండు, వారికి ముందును వారితోపాటును నివసించిన కోమటి, బేరి, నాయుడు, మొదలియారు కుటుంబములను, కందకోట్టమువంటి ఆలయములను, హమాలీలను, పూలవారిని కథనుండి తొలగించుట. సౌకార్‌పేట గొప్పదనము ఒక జాతి రుచిలో లేదు. ఒకరి ప్రక్క మరియొకరు అంగడి పెట్టుకొని, ఒకరి పండుగకు మరియొకరు సరకు సమకూర్చుటలో ఉన్నది. ఆ సంబంధము తెగినచో మిగులునది వట్టి తినుబండారముల వరుస. అట్టి వరుసను ఏ మాలులోనైనను కట్టవచ్చును.

ఇట్టి భయము ఊహామాత్రము కాదు. ఇటలీలోని వెనిసు నగరమున పాతనగరపు నివాసులు తగ్గిపోయి, చూపరులు మితిమీరగా, 2024 ఏప్రిలులో పగటి యాత్రికునిపై అయిదు యూరోల ప్రవేశరుసుము విధింపవలసి వచ్చినది. అదే సంవత్సరము జూలైలో బార్సిలోనా నగరవాసులు యాత్రికులపై నీటితుపాకులు చల్లి నిరసన తెలిపిరి. సౌకార్‌పేటకు అంత జనసమ్మర్దము పర్యాటకులవలన రాలేదు. ఇచటి ప్రమాదము వేరు. ఉన్నవారిలో ధనికులు వేపేరి, కిల్పాకులకు తరలుచున్నారు. పాత మండువా ఇండ్లు పడగొట్టి, క్రింద అంగళ్లు, పైన గిడ్డంగులు కట్టుచున్నారు. రాత్రి దీపము పెట్టు ఇల్లు తగ్గినకొలది వీధి పగటివేళ మాత్రమే బ్రతుకును. అట్టి వీధికి అతిథి వచ్చినను ఆహ్వానించు గృహస్థు ఉండడు.

దీనికి ప్రతిగా ఏటేట జరుగు ఒక దృశ్యము చూడుడు. తిరుమల బ్రహ్మోత్సవముల వేళ శ్రీవారికి సమర్పించు గొడుగులు చెన్నకేశవస్వామి సన్నిధి నుండి బయలుదేరి, పేట వీధులు తిరిగి, సాయంకాలమునకు ఏనుగు గవిని దాటి, తిరువళ్లూరు దారిని తిరుమల చేరును. గొడుగులు గవిని దాటుట చూచుటకు వేలాదిమంది నిలుతురు. దారి ప్రక్కన మార్వాడీ వర్తకుడు మజ్జిగ పంచును. తమిళుడు ప్రసాదము పెట్టును. తెలుగువాడు గోవింద కొట్టును. పోలీసు ఏర్పాట్లు మారినవి, వాహనములు వచ్చినవి, ఫోనులలో బొమ్మలు తీయుచున్నారు. కాని ఆ గొడుగులు ఏ ప్రేక్షకుని కొరకును కట్టినవి గావు. అవి పోవలసినచోటికి పోవుచున్నవి, చూడదలచినవాడు చూచుచున్నాడు. చూచువాడు ఒక్కడు లేకున్నను అవి బయలుదేరును. ఆ నిశ్చయమే జనమును రప్పించుచున్నది. కాలముతో మారుటయు, తన పనిని విడువకుండుటయు ఒక్కచోట కూడిన దృశ్యమిది.

ఇంతవరకు ఇతరులను విమర్శించితిని. ఇక మనవారి మాట. తెలుగుకథ ఈ నడకలలో లేదని నొచ్చుకొనుటకు మనకు హక్కు ఎంత? మన వర్తకుల ధర్మసంస్థలు కాలమునకు తగినట్లు మారలేదని చెప్పుటకు వీలులేదు. కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారు పాఠశాలలు నడిపిరి. స్త్రీలకు కళాశాల స్థాపించిరి. సత్రపు ద్రవ్యము చదువునకు మరలుట మణియకారు సత్రము వైద్యమునకు మరలుట వంటిదే, అది ప్రశంసనీయము. కాని ఆ సంస్థలు నేర్పిన పాఠములలో తాము నిలిచిన వీధి చరిత్ర ఎంత ఉన్నది? మన సంఘములు ఉగాదికి కవిసమ్మేళనము జరుపును, త్యాగరాజును స్మరించును, సంచికలు వేయును. కాని పేటలో పుట్టి పెరిగిన వృద్ధులను కూర్చుండబెట్టి, కొత్వాలు చావడి రాత్రులను గురించియు, పాత భోజనహోటళ్లను గురించియు అడిగి వ్రాసికొన్నవారు ఎందరు? మన కథను మనము చెప్పనపుడు మార్గదర్శి యువకుడు ఎక్కడినుండి తెచ్చును? వీరాస్వామయ్య తన దినచర్య వ్రాయకపోయినచో ఆయన మజిలీలును నేడు మనకు లేవు. శ్రీనివాసపిళ్ల అచ్చువేయకపోయినచో వ్రాసినదియు లేదు.

కావున ఈ సంచిక చదువువారికి రెండు మూడు మనవులు. మొదటిది, పేట వీధుల పేరులకు, సత్రములకు, ఆలయములకు, అంగళ్లకు సంబంధించి తెలిసినంతవరకు సత్యమైన విషయములతో ఒక చిన్న పుస్తకము తెలుగు, తమిళము, హిందీలలో వేయవలెను. అది మన గొప్పలు చెప్పుకొనుటకు కారాదు. ఇరుగుపొరుగుల కథ కూడ అందులో సమానముగా ఉండవలెను. రెండవది, నెలకు ఒక ఆదివారము ఉదయము, తినుటకంటె వినుటకు ప్రాధాన్యమిచ్చు ఒక నడకను మన యువకులు నడుపవలెను. 2018 నుండి సెంట్రల్, 2019 నుండి మన్నడి, హైకోర్టు మెట్రో స్టేషనులు తెరచియుండుటచేత రాకపోకలకు చిక్కులేదు. మూడవది, నడకలో చేరువచ్చు ఏ కొట్టుకైనను ముందుగా పోయి, మీ వీధికి ఇంతమంది వచ్చుట మీకు ఇష్టమేనా, ఏ వేళ మీకు అనువు అని అడుగవలెను. అతిథి మర్యాద ఇరువైపులది. ఆతిథ్యమిచ్చువాని అనుమతి అడుగని యాత్ర, గయలో గయావళి చేసిన బలవంతమునకు తలక్రిందులైన రూపమే.

ఒక విశేషము చెప్పి ముగింతును. 1830లో వీరాస్వామయ్య తొలి మజిలీ చేసిన మాధవరమున 2018లో క్రొత్త బస్సు నిలయము తెరచినారు. తిరుపతికిని, నెల్లూరునకును, ఆంధ్రదేశపు ఊళ్లకును పోవు బస్సులకు అది స్థానమైనది. రైలు వచ్చి మజిలీని మరపించినది. బస్సు వచ్చి మరల అచటనే నిలిపినది. రేపు మరియొక వాహనము వచ్చి దీనిని మార్చవచ్చును. అందుకు చింతలేదు. కాని అచట దిగి పేటకు వచ్చు తెలుగువాడు, టంకశాల వీధి మొదట నిలిచి, ఇది ఎవరి వీధియని అడిగినచో సమాధానము చెప్పుటకు ఒకడైనను ఉండవలెను. నీరు ఉన్నదా, నీడ ఉన్నదా అని తరచి చూచిన ఆ పెద్దమనిషి నేడు ఈ పేటకు వచ్చినచో, తినుటకు సకలమును దొరకునని తప్పక వ్రాయును. చెప్పువాడు దొరకునా లేదా అన్న సంగతి ఆయన ఏమని వ్రాయవలెనో నిర్ణయించుట మన చేతిలో నున్నది.